అమ్మ పారేసిన గుర్రం చేపలు

కళింగపట్నం ఒడ్డున అమ్మ ఎండు నెత్తళ్ళు ఏరుతుంటే నేను గుర్రం చేపల కోసం పక్కనే కాచుకుని కూర్చునేదాన్ని. వేలెడంత ఉండేవి. గుర్రం తల, చుట్టుకుపోయిన తోక. కూరకి పనికిరావు, సంతలో ఎవరూ కొనరు. అందుకే కంటబడగానే అమ్మ వాటిని ఇసకలోకి విసిరేసేది. నేను ఏరుకొచ్చి దాచుకుంటే చేతి మీద ఒక్కటిచ్చేది.

"ఏటే, తింటావా దాన్ని? తీసి పారీ!"

మొన్న శ్రీకాకుళంలో డాక్టరు గారు అమ్మ మెదడు స్కానింగు చూపించారు. కొత్త సంగతుల్ని గుర్తుగా నిలిపే చిన్న భాగమొకటి కుంచించుకుపోయిందన్నారు. దాని పేరు హిప్పోకాంపస్. పూర్వం మెదడు కోసి చూసిన వైద్యుడెవరికో అది అచ్చం గుర్రం చేపలా కనిపించిందట, గ్రీకులో ఆ చేపకున్న పేరే దీనికీ పెట్టేశాడట. నాకు ఒళ్ళు మండింది. సముద్రంలో ఇన్ని చేపలుండగా ఆయనకి మా అమ్మ పారేసిన చేపే దొరికిందా?

ఇంటికొచ్చాక చేటలో నెత్తళ్ళు పోసి అమ్మ ముందు పెట్టాను. నేనెవరో ఆమెకిప్పుడు తెలియదు గానీ, వేళ్ళకి పని తెలుసు. గబగబా ఏరుతోంది. మధ్యలో ఒక గుర్రం చేప తగిలింది. విసిరేస్తుందనే అనుకున్నాను. అమ్మ దాన్ని కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"దాసి ఉంచమ్మా. మా పిల్ల బడి నుంచి వస్తాది. నాను కసురుతాను గానీ, దానికి ఇవంటే పేణం."