పన్నెండు ఇళ్లు, పద్నాలుగో పేరు

2005లో అమెరికాలోని షాంటిలీ దగ్గర కట్టబోయే టౌన్‌హౌస్‌ల ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. అప్పుడు నేను కౌంటీ హౌసింగ్ విభాగంలో అనలిస్టుని. అంటే, ఎవరి జీతానికి ఏ ఇల్లు అందదో పట్టికలు గీసి చూపించే ఉద్యోగం. ఆ రోజుల్లో నివేదిక చివరి పేజీకి వచ్చేసరికి మొదటి పేజీలోని ధరలు పాతబడిపోయేవి.

నిబంధన తేలికైనదే. బిల్డరు మామూలుకంటే ఎక్కువ ఇళ్లు కట్టుకోవచ్చు. బదులుగా కొన్నిటిని తక్కువ ఆదాయం ఉన్నవారికి తక్కువ ధరకు ఇవ్వాలి. ఈ ప్రాజెక్టులో అవి ఇరవై.

మా తెలుగు క్రైస్తవ సంఘం పాస్టరును అందరం అయ్యగారనే పిలుస్తాం. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"అమ్మా, మా రెంట్ మళ్లీ పెంచారు. ఆ ఇళ్లకి నేను అప్లై చేయొచ్చా? సంఘంలో ఎవరికీ చెప్పకు."

ఇల్లు దొరక్కపోతే రెండు గంటల దూరంలోని ఊరికి మారాలి. సంఘాన్నీ వదులుకోవాలి. ఆయన ఆదాయం పరిమితి లోపలే ఉంటుందని నాకు కాగితాలు చూడకుండానే తెలుసు. ఆ జీతం నిర్ణయించింది మా సంఘ కమిటీయే. మర్నాడే, తెలిసినవారు దరఖాస్తు పెడుతున్నారని మా సూపర్‌వైజరుకు రాసిచ్చి, ఎంపిక పనినుంచి తప్పుకున్నాను. దరఖాస్తుదారుల సంగతి బయట చెప్పకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం.

ఆ ప్రాజెక్టుపై కౌంటీ బోర్డు జనాభిప్రాయం వినే పబ్లిక్ హియరింగ్‌లో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. అడిగితే తప్ప సిబ్బంది నోరు విప్పకూడదు. మైకు ముందుకు మా సంఘపెద్ద జోసఫ్ గారు వచ్చారు. అమెరికా వచ్చిన కొత్తలో అయిదుగురితో ఒకే గదిలో సర్దుకున్న మనిషి. తక్కువ ఆదాయం వాళ్లు వస్తే స్కూలు పాడవుతుందనీ, ఇళ్ల ధరలు పడిపోతాయనీ, వాళ్లెలాంటివారో ఎవరికీ తెలియదనీ చక్కని ఇంగ్లీషులో బాధపడ్డారు. నిజానికి వాళ్లలో ఒకరి ప్రసంగం ఆయన ప్రతి ఆదివారం వింటున్నారు. ఆ ఇంటి బిర్యానీ కూడా రెండోసారి వడ్డించుకునేవారు.

విరామంలో నా దగ్గరికి వచ్చారు.

"వందనాలు సిస్టర్. ఏమనుకోకండి, మీ మీద కాదు. మన ఏరియా వాల్యూ చూసుకోవాలి కదా."

"ఎవరొస్తారో తెలుసా బ్రదర్?" అన్నాను. అంతకుమించి అడిగే అనుమతి నాకు లేదు.

"తెలియకపోవడమే కదా సిస్టర్ ప్రాబ్లమ్!"

బోర్డు రాజీపడింది. ఇరవై కాస్తా పన్నెండయ్యాయి. తర్వాత దరఖాస్తుదారుల వరస తేల్చే లాటరీలో అయ్యగారికి పద్నాలుగో నంబరు వచ్చింది. మొదటి పన్నెండుమందిలో ఒక్కరూ వద్దనలేదు.

ఆ ఆదివారం, ఆ ఇళ్లకు దరఖాస్తు పెట్టానని, దొరకలేదని, నెలాఖరుకు వెళ్లిపోతున్నామని అయ్యగారే సంఘానికి చెప్పారు. జోసఫ్ గారు లేచి, "ప్రభువా, నీ సేవకునికి ఈ ప్రాంతములోనే ఒక గృహమును దయచేయుము" అని కన్నీళ్లతో ప్రార్థించారు. ప్రభువు అప్పటికే ఇరవై పంపాడు. ఎనిమిదింటిని వెనక్కి తిప్పింది మనమే. ఇప్పుడిక దాచవలసిన రహస్యమేమీ లేదు. అయినా నేను అందరితోపాటు ఆమెన్ అన్నాను, కాస్త గట్టిగానే.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా నివేదికల్లో ఆదాయాన్ని ప్రాంత మధ్యస్థ ఆదాయంలో ఇంత శాతమని మాత్రమే రాసి వదిలిపెట్టలేదు. పక్కనే ఇంకో గడి గీసి ఆ జీతం వచ్చే ఉద్యోగాలు రాసేదాన్ని: స్కూలు బస్సు డ్రైవరు, నర్సు సహాయకురాలు, పాస్టరు. వ్యతిరేకించేవారు వ్యతిరేకిస్తూనే వచ్చారు. ఎవరొస్తారో తెలియదని మాత్రం ఎవరూ అనలేకపోయారు.