పాయింట్లు తెచ్చిన టమాటాలు

మామగారు టమాటా రైతు అయితే, బుద్ధున్న అల్లుడెవడూ అంగట్లో టమాటాలు కొనడు. నేను కొన్నాను. అదీ కార్డు గీకి మరీ! దానివల్ల కాపురం ఎంతదాకా వచ్చిందో చెబుతాను, నవ్వుకోండి. మీరూ కొత్త కార్డు తీసుకునే ఆలోచనలో ఉంటే మాత్రం నవ్వు ఆపి వినండి.

అప్పుడు మాకు కొత్తగా పెళ్లయింది. కోలారు బంగారు గనుల దగ్గర కోరమండల్‌లో, తాత నాటి గని కార్మికుల లైను ఇంట్లో కాపురం. నేను వేమగల్ ఫ్యాక్టరీకి వెళ్లేవాణ్ణి. మా ఆవిడ సుజాత దోసెపిండి రుబ్బి లైనంతటికీ అమ్మేది. ఒకరోజు గ్రైండరు కాలిపోయింది. సరిగ్గా అప్పుడే నాకు కార్డు పిచ్చి పట్టింది.

"బ్యాంకు కార్డు తీసుకోప్పా. పెట్రోలు, గ్యాసు, మందులు, యాడ గీకినా పాయింట్లు పడతాయి" అంది సుజాత.

"ఆ చిల్లర పాయింట్లు ఎవురికి కావల్ల? కోలారులో పెద్దంగడి కార్డు ఉండాది. దాంట్లో అయిదింతలు! గ్రైండరు ఊరికే వస్తాది చూడు."

"ఆ కార్డు ఆ అంగట్లోనే కదా చెల్లేది?"

"అయితే ఏమి? అన్నీ ఆడే కొంటాం!"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారు. నా కుందేటికి అసలు కాళ్లే లేవు. వీధి చివర దొరికే కొత్తిమీర కట్ట కోసం కూడా కోలారుకు బండి తోలాను. పెట్రోలు లెక్క దయచేసి అడగకండి. ఇక్కడ సుజాత రోట్లో రుబ్బి రెండిళ్లకు మాత్రం పిండి ఇవ్వగలిగేది. చేతులు బొబ్బలెక్కాయి.

ఒక ఆదివారం మామ బండి మీద టమాటా బాక్సు కట్టుకుని వచ్చాడు. వంటింట్లో అంగడి చీటీ అంటించిన టమాటాలు కనబడ్డాయి.

"ఇవేంటివప్పా?"

"టమాటాలు మామా."

"అది తెలుస్తా ఉండాది. నా తోటలోవి నీకు చేదా?"

"పాయింట్ల కోసం కొన్నా మామా..."

"పాయింట్లు ఏస్తే కూర పులుపెక్కుతాదా?"

తెచ్చిన బాక్సు మళ్లీ బండికి కట్టుకుని వెళ్లిపోయాడు. సుజాత ఒక్క మాటే అంది: "గ్రైండరు తెచ్చినాక నాతో మాట్లాడు."

మర్నాడే షిఫ్టు దిగి అంగడికి పరుగెత్తాను. కౌంటరు అమ్మాయి చల్లగా చెప్పింది.

"పాయింట్లు కరెంటు సామాన్లకి చెల్లవు సార్. కూరగాయలకే. ఈ దినమే ఆఖరు, రేపటికి పోతాయి."

"ముందే చెప్పకూడదామ్మా?"

"మీరు అడగలా సార్."

"సరే, ఏ కూరగాయలు ఉండాయి?"

"పొద్దు పోయింది కదా సార్... ఇంగ టమాటాలే మిగిలినాయి."

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. బంగారు గనుల ఊళ్లో పుట్టిన నేను, నెలల తరబడి తవ్వి టమాటాలు పట్టాను!

రెండు సంచులు గుమ్మంలో దించాను. సుజాత సంచుల్ని చూసింది, నన్ను చూసింది.

"రోలు ఆడుండాది. అన్నీ పచ్చడి రుబ్బు. లైనులో అమ్మి నేనే గ్రైండరు కొంటా. బ్యాంకు కార్డు మీద."

మిరపకాయల ఘాటుకు కళ్లు మండుతుండగా, ఆ రోటి మీద చెయ్యి పెట్టి గంభీరంగా ప్రమాణం చేశాను. "ఇంగ ఈ జన్మలో అంగడి కార్డు ముట్టను. మామకు చెప్పకుండా టమాటా వైపు కూడా చూడను."

"చెయ్యి తియ్యప్పా" అంది సుజాత. "ప్రమాణం నోటితో చెయ్యి. చేత్తో రుబ్బు."