కమల చేతి తాయెత్తు

2022 జూన్‌లో కొల్లేరు ఒడ్డున ఒక టీవీ సీరియల్ షూటింగులో నేను కంటిన్యూటీ చూసేదాన్ని. మాది ఏలూరే. అప్పటికి నాకు అరవై ఏడేళ్లు, ఆ పనిలో ఇరవై రెండేళ్లు. కంటిన్యూటీ అంటే, నిన్నటి షాట్‌లో ఎడమ చేతికున్న గాజు ఈరోజు కుడి చేతికి మారకుండా చూడటం. చీర రంగు, నగలు, బొట్టు, అన్నీ సీను నంబరుతో సహా పుస్తకంలో రాసుకోవాలి.

కథలో కమల పడవ నడిపే అమ్మాయి. సరస్సులో మునిగి చనిపోయినవాళ్లు ఆమెకు కనిపిస్తారు, మాట్లాడతారు. అమ్మమ్మ కట్టిన తాయెత్తు చేతికి ఉన్నంతవరకే ఆ శక్తి. నలభయ్యో ఎపిసోడ్‌లో కమలకు పెళ్లి చేశారు. అక్కణ్నుంచి దయ్యాల సంగతి భర్త, మరిది చూసుకుంటుంటే ఆమె కాఫీలు అందిస్తోంది.

ఆ వేషం వేసిన సుజాతది తాడేపల్లిగూడెం. కొల్లేటి లంక గ్రామంలో నెల రోజులుండి గెడ వేసి పడవ నడపడం నేర్చుకుంది. ఒకరోజు భోజనాలప్పుడు నా పక్కన కూర్చుంది.

“మామ్మగారూ, నేను పడవెక్కి ఎన్నాళ్లయిందండీ?”

పుస్తకం చూశాను. “పెళ్లయ్యాక ఇరవై ఆరు ఎపిసోడ్లు. వంటింట్లో నలభై ఒక్క సీన్లు. పడవలో ఒక్కటీ లేదమ్మా.”

“కాఫీ గ్లాసులో అయినా ఓ దయ్యం కనబడుతుందేమోనని చూస్తున్నానండీ,” అని నవ్వింది. కాసేపటికి, “ఇలాగే సాగితే నన్నింకో వేషానికి ఎవరూ పిలవరండీ. కాఫీలిచ్చేవాళ్లు బోలెడుమంది,” అంది.

ఆమె వెళ్లాక పుస్తకం మళ్లీ తిరగేశాను. నలభై ఒక్క సీన్లలోనూ తాయెత్తు ఆమె చేతికే ఉంది. తీసిన సీను లేదు. అంటే కథ ప్రకారం శక్తి పోలేదు. ఇది చూపిస్తే ఆమెను మళ్లీ పడవెక్కిస్తారనుకున్నాను. తప్పు దొరికితే నేరుగా దర్శకుడికి చెప్పడం మా పద్ధతి. అలాగే చెప్పాను.

ఆయన రచయితతో రెండు నిమిషాలు ఫోన్లో మాట్లాడారు. “భలే పట్టుకున్నారండీ మామ్మగారూ! పరువు నిలబెట్టారు.”

మర్నాడు పొద్దున్న అర పేజీ సీను వచ్చింది. కమల తాయెత్తు విప్పి, “ఇక దీని అవసరం మీకేనండీ” అంటూ భర్త చేతికి కడుతుంది. అత్తగారు మెచ్చుకుంటుంది. సుజాత ఒక్క టేక్‌లో చేసేసింది.

“ఎవరు గుర్తుచేశారోనండీ,” అంది నాతో. “అది చేతికుంటే ఎప్పటికైనా నాకో సీను వచ్చేది.”

“నేనే చెప్పానమ్మా.”

“మీ పని మీరు చేశారు లెండి,” అని చీర మార్చుకోవడానికి వెళ్లింది.

నా లెక్కలో పొరపాటు లేదు. కానీ తప్పు చూపించడం వరకే నా వంతు, దాన్ని ఎలా దిద్దాలో నిర్ణయించేది వేరేవాళ్లు. ఆ తేడా నాకు అరవై ఏడో ఏట తెలిసింది. తర్వాత పనిచేసిన రెండేళ్లలో ఇలాంటి తప్పులు పదకొండు దొరికాయి. ప్రతిదీ ముందు ఆ వేషం వేసినవాళ్లకే చెప్పాను. దర్శకుడికి చెప్పమన్నవాళ్లు ఇద్దరే. మిగతావి నా పుస్తకంలోనే ఉండిపోయాయి.