బ్రేకు మాస్టారి పది రోజుల సెలవు

మా బావ డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఇరవై రెండేళ్లుగా ఆయన ఉద్యోగమంతా పక్క సీట్లోనే. నేర్పే కార్లలో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆయన కుడికాలు ఎప్పుడూ దానిమీదే. అందుకే నేర్చుకునేవాళ్లు ఆయనకు బ్రేకు మాస్టారని పేరు పెట్టుకున్నారు. చిన్న తప్పుకు బ్రేకు తొక్కుతాడు, పెద్ద తప్పుకు "దిగు!" అని అరుస్తాడు. ఆ అరుపుకు నడిరోడ్డు మీద కారు దిగి ఏడ్చినవాళ్లను నేనెరుగుదును. అదే స్కూల్లో ఫారాలు నింపే బల్ల నాది కాబట్టి, వాళ్లకు మంచినీళ్లిచ్చి ఊరుకోబెట్టే పనీ నాదే.

ఇంతమందికి నేర్పిన మనిషి పెళ్లానికి, అంటే మా అక్కకు, కారు నడపడం రాదు. పెళ్లయిన ఆరేళ్లకు ఒకసారి బావ ఆమెను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడట, మొదటి మలుపు దగ్గరే ఆమె హడలిపోయి, ఏడ్చి, దిగిపోయిందట. ఇది బావ చెప్పిన కథ. దాన్ని ఊరంతా తిప్పింది మాత్రం నేను. నలుగురు చుట్టాలు చేరితే చాలు, "దీపం కింద చీకటి" అని మొదలుపెట్టి, కళ్లు పెద్దవి చేసి, చేతులు వణికిస్తూ అక్కలా నటించి మరీ చెప్పేదాన్ని. అక్క నవ్వేది కాదు. లేచి వెళ్లి గిన్నెలు సర్దుకునేది. ఉడుకుమోతు అనుకునేదాన్ని.

అక్క ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తుంది. పొద్దుటి రద్దీ తగ్గాక, చేతి తొడుగులు విప్పి, ఫోన్లో అర్జెంటీనావాళ్ల టాంగో నాట్యం చూడటం ఎప్పుడో అలవాటు చేసుకుంది. నాకూ చూపించింది. అందులో ఎగరడం, దూకడం పెద్దగా ఏమీ లేదు. ఇద్దరు మనుషులు దగ్గరగా పట్టుకుని పాటతో పాటు నడుస్తున్నారు.

"ఒక్క మాట లేదు చూడు. అయినా ఇద్దరూ ఒకే దారిన పోతున్నారు" అంది.

పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయి, ఏం కావాలో అడగమన్నాడు బావ. అక్క వెంటనే అడిగేసింది.

"పది రోజులు సెలవు పెట్టండి. ఇది నేర్పే ఊరొకటి ఉంది. ఆఖరి రోజు నేర్చుకున్నవాళ్లంతా ఆడతారట. నాకు ఒక్క పాట మీతో ఆడాలనుంది. ఇంకేం వద్దు."

"ఈ వయసులో మనకు గెంతులేంటే?" అని బావ గొణిగాడు కానీ, సెలవు పెట్టాడు. తోడుండమని అక్క నన్ను కూడా లాక్కెళ్లింది.

ఫర్నిచర్ దుకాణం మీది అంతస్తులో హాలు. చెక్క నేల, ఒక గోడ నిండా అద్దం, మిగతా గోడల పొడుగునా ప్లాస్టిక్ కుర్చీలు. టీచరమ్మ పొట్టి మనిషి, మోకాలికి పట్టీ కట్టుకుని ఉంది. రెండు రోజులు ఉత్తినే నడిపించింది. మూడో రోజు జంటలుగా పట్టుకోమంది. పదిమంది ముందు సొంత పెళ్లాన్ని పట్టుకోవడానికి బావ చెవులు ఎర్రబడ్డాయి.

"దారి మగవాళ్లు చూపించాలి. నోటితో కాదు, ఒంటితో" అని టీచరమ్మ పదేపదే చెప్పింది. ఎవరికి చెప్పాలి? బావ నోరు ఆగితేగా! "ఎడమకి. నెమ్మది, నెమ్మది. అద్దం చూసుకో" అంటూనే ఉన్నాడు. అక్క అడుగు కాస్త పెద్దదైతే ఆయన కుడికాలు టక్కున ఆమె పాదం మీద పడేది. మగవాళ్లు తక్కువ కాబట్టి జంటలు మారాలి. నా వంతులో నా బొటనవేలు కమిలిపోయింది. నేల జారుతోందన్నాడు, బూట్లు బిగుతన్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది బావా" అన్నాను. హాలంతా నవ్వింది.

మాతో నేర్చుకుంటున్న ఒక రిటైరైన పోస్ట్‌మ్యాన్‌తో అక్క ఆడినప్పుడు మాత్రం ఆమె కళ్లు మూసుకుంది. ఆ పెద్దాయన తొందరపడడు, ఆమె అడుగు పడేదాకా ఆగుతాడు. బావ అది చూశాడు.

ఐదో రోజు అక్క మళ్లీ బావతో ఆడుతోంది. పాటలో ఒకచోట, బావ ఇంకా దారి చూపకముందే, ఆమె తిరిగింది. చక్కగా తిరిగింది. బావ కాలితో నేలను తన్ని, "దిగు!" అని అరిచాడు.

దిగడానికి అక్కడ ఏముంది? ఎవరో కిసుక్కుమన్నారు, ఆపైన అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అక్క ఆయన భుజం మీదినుంచి చెయ్యి తీసేసి, వెళ్లి కుర్చీలో కూర్చుంది.

మర్నాడు పొద్దున మా గదిలో టీ తాగుతుంటే బావ అక్కను కదిపాడు.

"నిన్నటినుంచి మాట్లాడవేం? అలవాటులో నోరు జారింది."

"నాకు కారు నేర్పిన రోజు కూడా ఇలాగే 'దిగు' అన్నారు" అంది అక్క. "నేను ఏడ్చి దిగిపోయానని అందరికీ చెప్పారు. ఏడ్చానా?"

బావ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"చెప్పండి. ఇదీ వింటుంది" అంది అక్క నన్ను చూపిస్తూ.

"ఏడవలేదు" అన్నాడు బావ. "మలుపు నేను చెప్పకముందే తిప్పేసింది. బాగా తిప్పింది. వెనక సీట్లో నా దగ్గర నేర్చుకునేవాళ్లు ఇద్దరున్నారు. 'మీకన్నా మేడమే నయం మాస్టారూ' అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. దింపేశాను. ఇంటిదాకా నడిచే వచ్చింది."

"మరి ఇన్నేళ్లూ నువ్వెందుకు చెప్పలేదక్కా?" అన్నాను.

"నువ్వు కథ చెప్తుంటే నన్నెవరు అడిగారే?"

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పందొమ్మిదేళ్లు ఆమె ఎదుటే ఆమెలా చేతులు వణికించాను. బావది ఒకరోజు అబద్ధం. దాన్ని చావకుండా పెంచి పోషించింది నేను.

మిగిలిన రోజులు అక్క బావతో ఆడలేదు. అలగలేదు, తిట్టలేదు, వేరేవాళ్లతో ఆడుకుంది. బావ అందరికంటే ముందు హాలుకు వెళ్లి టీచరమ్మతో నేర్చుకున్నాడు. నోరు మెదపకుండా నేర్చుకున్నాడు. తొమ్మిదో రోజుకు ఆవిడ పాదాలు తొక్కడం మానేశాడు.

ఆఖరి రోజు టీచరమ్మ టాంగో మర్యాద ఒకటి చెప్పింది. ఆటకు పిలవడానికి మాట వాడకూడదట. ఈ గోడ దగ్గరినుంచి చూడాలి. అవతలి గోడ దగ్గరున్న మనిషికి ఇష్టమైతే ఆ చూపును అందుకుంటుంది, అప్పుడు లేవాలి. ఇష్టం లేకపోతే మరోవైపు చూస్తుంది. అడిగిన మనిషి దానికి నొచ్చుకోకూడదు.

మొత్తం నాలుగు పాటలు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో బావ నా పక్కన కూర్చున్నాడు. మొదటి పాటకు అక్క వైపు చూశాడు, ఆమె కిటికీ వైపు చూసింది. రెండో పాటకు చూశాడు, ఆమె పక్కావిడతో మాట్లాడుతోంది. మూడో పాట పోస్ట్‌మ్యాన్‌తో ఆడింది.

"నాలుగోదానికీ చూడదు" అన్నాడు బావ మెల్లగా. "ఏ మొహంతో చూడమంటాను?" తల దించుకున్నాడు.

పాట మొదలైంది. అవతలి గోడ దగ్గర అక్క ఇటు తిరిగింది. పోస్ట్‌మ్యాన్ ఆమె వైపే చూస్తున్నా పట్టించుకోలేదు. నేరుగా బావను చూస్తూ కూర్చుంది. బావ చూపు తన బూట్ల మీద ఉంది.

బావా, అటు చూడు. ఈ మాటే నేను అనాల్సింది. అనలేదు. వాళ్లిద్దరి మధ్య మళ్లీ నోరు పెట్టడానికి నాకు సిగ్గేసింది. సగం పాట దాకా అక్క అలాగే చూసింది. తర్వాత ఒంగి, ఆట చెప్పులు విప్పి, మామూలు చెప్పులు వేసుకుంది.

చప్పట్లు వినిపించాక బావ తలెత్తాడు.

"చూసిందా?" అని అడిగాడు.

"చూసింది, బావా" అన్నాను.