ఖాళీ గడిని ఒప్పుకోని మనిషి

మా ఎదురింటి కంప్యూటర్ మాస్టారు మంగళవారం పొద్దున గుండెపోటుతో పోయారు. ఒకప్పుడు కాలేజీలో డేటాబేస్ పాఠం చెప్పేవారు. తర్వాత నరసరావుపేటలో ఒక ఆసుపత్రి రికార్డుల కంప్యూటర్లు చూసేవారు. ఆయనకూ నాకూ పడేది కాదు. పోయారు కదా అని ఆ సంగతి మార్చి రాస్తే ఆయనే ఒప్పుకోరు.

నిజానికి ఆయనంటే ఎవరికీ పడేది కాదు. మా అమ్మాయి పెళ్లి శుభలేఖ ఇవ్వబోతే తేదీకీ వారానికీ పొంతన లేదని గుమ్మంలోనే తిప్పి ఇచ్చేశారు. వారమే తప్పు పడింది. మళ్లీ అచ్చు వేయించాం, తిట్టుకుంటూ.

ఆసుపత్రిలో నర్సులైతే ఆయన్ని చూసి ముఖం తిప్పుకునేవారు. ఆయన కంప్యూటర్లో రోగికో నంబరు, అది ఇంకొకరికి రాదు. అవసరమైన గడి ఖాళీగా ఉంటే పని ముందుకు సాగదు. రోగుల పట్టికలో లేని నంబరుకు రక్తం సంచి బయటికి రాదు. రోగి అయినా ఉద్యోగి అయినా, ఆ మనిషితో ముడిపడిన రికార్డు ఒక్కటున్నా పట్టికలోంచి తీసేయనివ్వదు.

“పేరు పిలవటానికి. మనిషిని గుర్తుపట్టటానికి నంబరు,” అనేవారు. కోటప్పకొండ దేవుడికి మొక్కుకుని పిల్లల్ని కని, ఆ దేవుడి పేరే పెట్టుకునే ప్రాంతం మాది. ఏ వార్డులో “కోటేశ్వరరావు” అని కేకేసినా కనీసం ఇద్దరు తల తిప్పుతారు.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం వెల్దుర్తి వైపు నుంచి ఒక కోటేశ్వరరావును తెచ్చారు. క్వారీలో రాయి పడి తొడ నలిగింది. రక్తం కావాలి. నర్సు నంబరు గడి ఖాళీగా వదిలింది. కంప్యూటర్ ఒప్పుకోలేదు. తోచిన నంబరేదో కొట్టింది. అలాంటి రోగి లేడంది కంప్యూటర్.

“ఏందయ్యా నీ పెట్టె గోల? ఆడ మా ఆయన నెత్తురు కారి పోతా ఉంటే!” అని అతని భార్య మాస్టారి చొక్కా పట్టుకుంది.

“సార్, ఆ రూలు ఐదు నిమిషాలు తీసేయండి,” అంది నర్సు.

“తీస్తే ఇంక రూలెట్లా అవుద్దమ్మా?”

పత్రికకు వార్త కోసం వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. నేనూ అరిచాను. ఆయన వార్డుకు నడిచి, గాయపడిన మనిషి చేతి పట్టీ మీది నంబరు చదివి, ల్యాబుకు వెళ్లారు. గ్రూపు చూడటానికి తీసిన రక్తం గొట్టం మీద పేరు ఒక్కటే ఉంది. అది జ్వరంతో చేరిన ఇంకో కోటేశ్వరరావుది, నాదెండ్ల మనిషిది. సిద్ధంగా పెట్టిన సంచి ఆ గ్రూపుది. క్వారీ మనిషికి ఎక్కిస్తే ప్రాణం మీదికి వచ్చేది. మళ్లీ రక్తం తీసి, గ్రూపు చూసి, సరైన సంచి ఇచ్చారు. అతను బతికాడు.

ల్యాబులో జరిగింది తెలుసుకోకుండానే నేను ఆఫీసుకు వెళ్లి వార్త రాశాను: కంప్యూటర్ మొండితనం, చావుబతుకుల్లో కార్మికుడు. మర్నాడు పొద్దున మాస్టారు పత్రిక పట్టుకుని మా గేటు ముందు నిలబడ్డారు.

“ఏమయ్యా విలేకరీ, మీ పత్రికలో రూల్సేం లేవా? క్వారీ దెబ్బ తీసుకెళ్లి నాదెండ్లాయనకు తగిలించావు. చుట్టాలు ఏడుస్తా ఆళ్లింటికి పోయారంట. ఆయన మంచం మీద కూచుని ఇడ్లీ తింటన్నాడు.”

వార్డు బయట ఎవరినో అడిగి ఊరి పేరు రాసుకున్నాను. వాళ్లు చెప్పింది ఇంకో కోటేశ్వరరావు ఊరు. లోపలి పేజీలో సవరణ వేశాను. ఆయన అదీ చదివారు. “మండలం రాసి, ఊరు ఖాళీ వదిలావు,” అన్నారు. మా మధ్య ఆఖరి మాట అదే. కోపం నాకే ఎక్కువ. అప్పటి నుంచి ఏ వార్త రాసినా పేరు పక్కన తండ్రి పేరు, ఊరు చూసుకున్నాకే పంపుతున్నాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఇది రాయడానికి ఆయన ఉద్యోగంలో చేరిన తేదీ కావాలని నిన్న ఆసుపత్రికి వెళ్లాను. మేనేజరు కొత్తగా చేరిన అమ్మాయి చేత ఉద్యోగుల పట్టికలోంచి ఆయన పేరు తీయిస్తున్నాడు.

“తీయనివ్వట్లేదు సార్.”

“పోయాక కూడా సతాయిస్తన్నాడు. మళ్లీ నొక్కు.”

ఆమె మళ్లీ నొక్కింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: ఈ ఉద్యోగితో ముడిపడిన రికార్డులున్నాయి, తొలగించలేం. కింద వాటి జాబితా. ఆమె వేలితో కిందికి జరుపుతూ పోయింది. ఒక చోట ఆపమన్నాను. కోటేశ్వరరావు, వెల్దుర్తి మండలం, నేను ఖాళీ వదిలిన ఊరి పేరు, రక్తం సంచి ఒకటి. సరిచూసినవారు అన్న గడిలో ఆయన నంబరు.