పట్టకారు చేసిన గొళ్ళెం

ఇనుమునైనా అనుమానాన్నైనా ఒకసారి పట్టుకున్నాడంటే వదలడని వీధిలో అందరూ ఆయన్ని పట్టకారు అనేవాళ్ళు. వెల్డింగ్ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైనవి విప్పి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు. బజారు సరుకంటే నమ్మకం లేదు, మాటలంటే అసలే లేదు.

ఆయనకీ బావమరిదికీ కలిపి ఒకే చేపల పడవ. రెండిళ్ళ పొయ్యీ దాని మీదే వెలగాలి. వేట అయ్యాక పడవని ట్రైలర్ మీదికి లాగి, జీపుకి తగిలించి ఇంటికి తెచ్చుకునేవాళ్ళు. జారకుండా మంచి గొళ్ళెం కొందామన్నాడు బావమరిది.

"బజారులో దొరికేది రేకురా. గొళ్ళెం నేను చేస్తా."

పాత లారీ తలుపు గడియ నాలుక, గట్టి స్ప్రింగు, మందపాటి ఇనుప పలక తెచ్చి కూర్చున్నాడు. పడవ పైకెక్కగానే దాని ముక్కున ఉన్న కడియం నాలుకని తోసుకుపోయి టక్కున పడుతుంది. నీళ్ళలో దిగకుండా తెరవడానికి మూరెడు ఇనుప పిడి కూడా అతికించాడు. షెడ్డులో కడియానికి వేలాడి మరీ లాగి చూశాడు. ఇసుమంత కదల్లేదు.

కానీ ఇంటికొచ్చి చూస్తే గొళ్ళెం తెరిచి ఉంది. మర్నాడూ అంతే. పడవ తన బరువుకే నిలబడింది కాబోలు అనుకున్నాడు. మరి తీసిందెవరు? బయల్దేరే ముందూ, ఇంటి దగ్గర దిగగానే, బావమరిది ట్రైలర్ ముందు వంగి ఏదో చేస్తున్నాడు. అడిగితే, "టైరు చూస్తున్నా బావా" అంటాడు. అక్కడ టైరెక్కడుంది?

"బజారుది కొనిపించాలని వాడే తీస్తున్నాడే" అన్నాడు భార్యతో.

"నీ నీడ కూడా నీ వెనక ఊరికే రావట్లేదంటావు నువ్వు. వాడు నా తమ్ముడు!"

"అదే నా అనుమానం. తీస్తూ నా చేతికి దొరికితే పడవ అమ్మేసి ఎవరి దారిన వాళ్ళం పోతాం."

"రెండిళ్ళ పొయ్యిలో నీళ్ళు పోసుకో అయితే."

మర్నాడు వేట అయ్యాక, ఒంట్లో బాగోలేదని ట్రైలర్ మీదున్న పడవలోనే పడుకున్నాడు, వలల చాటున, కళ్ళు గొళ్ళెం మీద పెట్టి. బావమరిది వంగాడు, లేచాడు, వెళ్ళి జీపెక్కాడు. గొళ్ళెం మూసే ఉంది.

స్పీడ్ బ్రేకర్ దగ్గర ట్రైలర్ ఎగిరింది. దాంతోపాటు మూరెడు పిడీ ఎగిరి, నాలుకని పైకి లాగేసింది. తన కళ్ళ ముందే, ఏ చెయ్యీ తగలకుండా గొళ్ళెం తెరుచుకుంది. ఇంతలో ఎత్తు రోడ్డు వచ్చింది. పడవ వెనక్కి జారింది.

"ఒరేయ్, ఆపరా!"

జానెడు జారి, టప్పున ఆగింది. కిందికి తొంగి చూస్తే, పడవ అడుగున ట్రైలర్‌కి బిగించి కట్టిన లావుపాటి తాడు.

బావమరిది పరుగెత్తుకొచ్చాడు.

"ఇదెవడు కట్టాడ్రా?"

"నేనే బావా."

"అంటే నా గొళ్ళెం మీద నమ్మకం లేదా?"

"లేదు. నీకు నా మీద ఉందా?"

పట్టకారు పడవ దిగి తాడు ముడి తడిమాడు. "మరి టైరని ఎందుకు చెప్పావు?" అన్నాడు.

"తాడని చెబితే కోసి పారేసేవాడివి."

షెడ్డుకి రాగానే రంపం బ్లేడు బావమరిది చేతికిచ్చాడు. "పిడి బెత్తెడుంచి కోయి."

"నేనా?"

"నేను కోస్తే మళ్ళీ పొడుగే ఉంచుతా."

మర్నాడు అదే స్పీడ్ బ్రేకర్ మీద గొళ్ళెం కదల్లేదు. అయినా ఆ తర్వాతి రోజు బయల్దేరే ముందు పట్టకారే వంగి, అడుగున తాడుని లాగి చూశాడు.

"ముడి వదులుగా ఉందిరా" అని విప్పి, తనే మళ్ళీ కట్టాడు.