షట్టరుకు ఆనించిన చీపురుపుల్ల

చిత్తూరులో మా అత్తగారింటి కారు షెడ్డుకు మోటారు పెట్టించినప్పటికి నాకు పెళ్లయి రెండేళ్లు. ఎనభైలు మొదలైన కొత్త. మామకు మామిడికాయల మండీ ఉండేది, ఊరి బయట తోటలుండేవి. ఇంట్లో మేం నలుగురం: మామ, అత్త, నా భర్త, నేను. తండ్రీ కొడుకులు పొద్దున్నే స్కూటరు మీద మండీకి వెళ్లిపోయేవాళ్లు. నేను ఆడపిల్లల స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. తొమ్మిదిన్నరకు బయల్దేరితే మళ్లీ సాయంత్రం అయిదుకే రావడం. కారు తోటలకు వెళ్లేటప్పుడో, పెళ్లిళ్లకో తప్ప బయటికి తీసేవాళ్లు కాదు.

షెడ్డు ఇంటి ఆవరణలోనే వరండాకు ఎదురుగా ఉండేది. దాని ఇనుప షట్టరు ఎంత బరువంటే ఇద్దరు మగవాళ్లు గొళ్లెం దగ్గర వేళ్లు పెట్టి ఒక్క ఊపున లేపాలి. ఒకరోజు డ్రైవరు రాలేదని మామ ఒక్కడే లేపబోయి నడుం పట్టేసి వారం రోజులు మంచం దిగలేదు. మద్రాసులో ఏదో నగల షాపు షట్టరు బటన్ నొక్కితే లేస్తోందని ఆయనకు ఎవరో చెప్పారట. వేలూరు నుంచి మెకానిక్కును పిలిపించాడు.

ఆ మెకానిక్కు మూడు రోజులు పనిచేశాడు. షట్టరు చుట్టుకునే గొట్టానికి దిగువగా, గోడకు చేతికందే ఎత్తులో చిన్న మోటారు బిగించి, సైకిలు చైను లాంటి చైనుతో రెండింటినీ కలిపాడు. పైనొకటి, కిందొకటి చిన్న స్విచ్చులు పెట్టాడు. షట్టరు అంచు వచ్చి తగిలితే మోటారు తనంతట తనే ఆగిపోతుంది. షెడ్డు లోపల ఒక బటన్ల పెట్టె, వరండా గోడకు ఇంకొకటి. మామ కుర్చీ వేసుకుని ఆ మూడు రోజులూ అతని ఎదురుగానే కూర్చున్నాడు.

"ఈ వైరు యాడికి పోతాది?"

"మోటారుకే సార్."

"ఇదెందుకు రెండుండాయి?"

"ఒగటి పైకి, ఒగటి కిందికి సార్."

"వరండాలో ఎవురొచ్చి నొక్కినా లేస్తాది గదప్పా. దానికేం జేస్తావు?"

మెకానిక్కు మర్నాడు వేలూరు వెళ్లి, తాళంచెవి పెట్టి తిప్పితే తప్ప పనిచెయ్యని స్విచ్చి తెచ్చి వరండా పెట్టెకు బిగించాడు. దానికి రెండు తాళంచెవులు. ఒకటి మామ మొలతాడుకు చేరింది, రెండోది బీరువాలోకి వెళ్లింది. కరెంటు లేనప్పుడు షట్టరు ఎలా లేపాలో మెకానిక్కు మామకూ డ్రైవరుకూ చూపించాడు. లోపల మోటారు పక్కన ఒక ఇనుప పిన్ను ఉంటుంది. దాన్ని లాగేస్తే మోటారు విడిపోతుంది. అప్పుడు గోడ వారగా వేలాడే గొలుసును లాగితే షట్టరు మెల్లగా పైకి లేస్తుంది. నేను కాఫీలు తీసుకెళ్లి అక్కడే నిలబడ్డాను కాబట్టి నాకూ తెలిసింది.

మొదటిసారి షట్టరు గరగరమంటూ దానంతటదే లేస్తుంటే అందరం చప్పట్లు కొట్టాం. అత్త మాత్రం వాకిట్లోంచి, "ఎవురు నొక్కినా ఇట్లే లేస్తాదా?" అని అడిగింది.

"పసిబిడ్డ నొక్కినా లేస్తాదమ్మా," అన్నాడు మెకానిక్కు.

రెండు నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు పొద్దున కారు తుడుస్తున్న డ్రైవరు వరండాలోకొచ్చి, "అయ్యా, కారులో అద్దం ఎవురన్నా తిప్పినారా? నేను పెట్టినట్టు లేదు," అన్నాడు. అతను మా మామ దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆ ఒక్క మాట అతను అనకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆ పూటే మామ చీపురుకట్టలోంచి ఒక పుల్ల విరిచి, మూసిన షట్టరుకు బయటి వైపు ఆనించాడు. షట్టరు కదిలితే పుల్ల పడిపోవాలి. సాయంత్రం వచ్చి చూస్తే పడి ఉంది. మర్నాడు మళ్లీ పెట్టాడు, అప్పుడు నిలిచే ఉంది. మూడో రోజు నిలిచే ఉంది గానీ, మామ పెట్టిన చోటికి జానెడు పక్కన.

"నువ్వు ఇంట్లోనే ఉంటివి గదే. సప్పుడు ఇన్లేదా?" అని అత్తను అడిగాడు.

"వంటింట్లో రుబ్బుకుంటా ఉంటే నాకేం ఇనపడతాది?" అంది అత్త.

మామ అనుమానం ముందుగా మెకానిక్కు మీదికి పోయింది. మూడో తాళంచెవి అట్టిపెట్టుకుని ఉంటాడన్నాడు. వేలూరు నుంచి ఇంత దూరం వచ్చి కారు అద్దం తిప్పి పోవడానికి అతనికేం పని అని నా భర్త అన్నా వినలేదు. మెకానిక్కును పిలిపించి వాకిట్లోనే నిలదీశాడు. అతను స్విచ్చి విప్పి కొత్తది బిగించి, రెండు తాళంచెవులూ మామ చేతిలో పెట్టి, కాఫీ తాగకుండా బస్సుకు వెళ్లిపోయాడు. రెండో తాళంచెవి మళ్లీ బీరువాలోకే వెళ్లింది. వారం తిరక్కుండానే పుల్ల మళ్లీ పడింది.

ఇక మిగిలింది డ్రైవరు. మధ్యాహ్నాల్లో అతను మండీలో పనులు చూసేవాడు. ఏదో ఒక గంట ఎవరికీ కనపడకుండా పోయుంటాడని, తాళంచెవికి నకలు చేయించి ఉంటాడని, కారును బాడుగకు తిప్పుతున్నాడని మామ తేల్చేశాడు. కారు ఎన్ని మైళ్లు తిరిగిందో చూపించే మీటరు మీద అంకె మాత్రం మారలేదు. నేనే పోయి చూసి చెప్పాను.

"మారదు. వానికి మీటరు వైరు పీకేది తెల్దా?" అన్నాడు మామ.

ఆ మాట నాకు సబబుగానే తోచింది. లెక్కలు చెప్పేదాన్నే, అయినా ఏ ఆధారమూ లేకపోవడమే పెద్ద ఆధారమని నమ్మేశాను. ఆ రోజుల్లో ఇంట్లో అందరం ఒకర్నొకరం కళ్లతో తడుముకునేవాళ్లం. నా భర్త చొక్కా ఉతకడానికి వేస్తూ సిగరెట్టు వాసన వస్తోందేమోనని చూశాను. మండీ నుంచి వచ్చి కారులో కూర్చుని సిగరెట్లు కాలుస్తున్నాడేమోనని. ఆయన ఒకసారి, "నీ దగ్గర బీరువా తాళాలుండాయా?" అని మామూలుగా అడిగినట్టే అడిగాడు. "నాకెవరిస్తారు? అత్త నడుముకే కదా ఉండేది," అన్నాను. ఆ మాట అన్నది నేనే, విన్నది ఆయన. అయినా ఇద్దరికీ ఏమీ తట్టలేదు.

మరుసటి సోమవారం మామ డ్రైవరును పనికి రావద్దన్నాడు. డ్రైవరు వరండా మెట్ల కింద చెప్పులు విడిచి నిలబడి, "నేనేం జేసినానో ఒగ మాట సెప్పండయ్యా, పోతాను," అన్నాడు. మామ పేపరు పేజీ తిప్పాడు. అత్త గడప దాకా వచ్చి, తిరిగి లోపలికి వెళ్లింది. నేను స్కూలుకు టైమవుతోందని అతని పక్కగానే దాటుకుని వెళ్లిపోయాను.

పది రోజుల తర్వాత, స్కూలు కమిటీలో ఎవరో పెద్దాయన పోయారని ఒంటిగంటకే మమ్మల్ని వదిలేశారు. ఇంటికొచ్చేసరికి వాకిలి తీసే ఉంది. ఫ్యాన్లు తిరగడం లేదు. కరెంటు పోయిందనుకున్నాను. "అత్తా!" అని రెండుసార్లు పిలిచినా పలుకు లేదు. వంటింట్లో రుబ్బురోలు తడి లేకుండా ఆరిపోయి ఉంది. వరండాలోకి వచ్చేసరికి షెడ్డులోంచి షట్టరును అరచేత్తో కొడుతున్న చప్పుడు.

దొరికాడు, డ్రైవరే, కరెంటు పోయి లోపల ఇరుక్కున్నాడు అనుకున్నాను. వీధిలోకి పరిగెత్తి కేక వెయ్యబోయి, ఏదో సందేహం వచ్చి షట్టరు దగ్గరికి పోయాను.

"ఎవరది?"

చప్పుడు ఆగింది. "నేనే పాపా," అంది అత్త గొంతు.

లోపల చీకటి, ఉడుకు. ఆమెకు ఊపిరి సరిగా ఆడుతున్నట్టు లేదు. వరండా బటన్లకు తాళంచెవి పెట్టే ఉంది గానీ నొక్కితే ఏం లాభం? మెకానిక్కు చెప్పింది గుర్తు తెచ్చుకుని షట్టరు రేకుకు నోరు ఆనించి చెప్పాను.

"అత్తా, ఎడమపక్క గోడకు మోటారు ఉండాది సూడు. చేత్తో తడుము. ఒక ఇనుప పిన్ను తగుల్తాది. గట్టిగా లాగెయ్."

"వచ్చింది."

"ఇప్పుడు గొలుసు పట్టుకుని కిందికి లాగు. తొందర లేదు."

షట్టరు అంగుళం అంగుళం లేచింది. ముందు ఆమె పాదాలు, తర్వాత చెమటకు తడిసిన చీర కుచ్చిళ్లు, గ్రీజు అంటిన చేతులు కనపడ్డాయి. మోకాళ్ల ఎత్తుకు రాగానే నేనే వంగి లోపలికి దూరాను. కారు ముందు తలుపు తెరిచి ఉంది. స్టీరింగు ముందున్న సీటు మీద ఆమె వక్కాకు సంచీ ఉంది.

నీళ్లు తాగించి మెట్ల మీద కూర్చోబెట్టాక నేను అడక్కుండానే చెప్పింది.

"ఈ ఇంట్లో యాడ కూసున్నా ఎవురో ఒగరు పిలస్తారు. పాలోడు, తోటోళ్లు, సుట్టాలు. దీంట్లో కూసోని షట్టరు ఏసేసుకుంటే ఎవురికీ కనపడను. ముందు సీట్లో నేనెప్పుడన్నా కూసున్నానా? ముప్పై ఏండ్లుగా ఎనకనే గదా. ఆ షట్టరు నాకు లేసేది గాదు. బటన్ పెట్టినంక లేసింది."

"అద్దం?"

"నన్ను నేను సూసుకుందామని తిప్పినా."

నాకు కోపం వచ్చింది. "డ్రైవరు అన్నం పోయింది కదా అత్తా!" అన్నాను.

ఆమె చేతులకున్న గ్రీజును చీర చెంగుతో తుడుచుకుంటూ, "ఒగ రోజు సెప్తామనుకుంటి. ఒగ రోజు గడిసిపోయింది. రొండో దినం ఇంగా కష్టమైపాయ," అంది.

సాయంత్రం మామకు కంచం పెడుతూ నిలబడే చెప్పేసింది. "షట్టరు తెరస్తా ఉండింది నేను."

మామ నమ్మలేదు. ముద్ద కలుపుతూనే, "వాని పెండ్లాం వచ్చి ఏడిసిందా నీ కాడ? వాణ్ణి కాపాడేదానికి నీ మీద ఏసుకుంటా ఉండావు," అన్నాడు.

"పుల్ల పెడితివి గదా. సూడకుండా తెరిసిన దినాలు పడిపాయ. సూసిన దినాలు నేనే తిరగా ఆనిస్తి. ఒగనాడు జానెడు పక్కన పెట్టేస్తి." నడుముకున్న తాళాల గుత్తి విప్పి కంచం పక్కన పెట్టింది. "బీరువా నా కాడనే గదా ఉండేది. నన్ను ఒగ మాటన్నా అడిగితివా?"

మామ ఆ రోజు మజ్జిగ పోయించుకోలేదు. మర్నాడు మెకానిక్కుకు ఒక కార్డు రాశాడు గానీ, అందులో ఏం రాశాడో చూపించలేదు. దానికి జవాబు రాలేదు.

డ్రైవరు అప్పటికే రేణిగుంటలో ఒక గోడౌన్ లారీకి కుదిరాడని తెలిసింది. మామ వెళ్లనన్నాడు. అత్త ఆదివారం నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. తిరుపతిలో బస్సు మారి, రైలు గేటు దగ్గర దిగి దారి అడుగుతూ వెళ్లాం. ఒకే గది ఇల్లు. డ్రైవరు మంచం మీద దుప్పటి పరిచి మమ్మల్ని కూర్చోబెట్టి, తను గోడకానుకుని నిలబడ్డాడు. అత్త జరిగిందంతా చెప్పి, "తిరిగి రాప్పా. నాదే తప్పు," అంది.

"మీరింత దూరం వచ్చి సెప్పినారు, సాలమ్మా," అన్నాడు. "ఆయన కాడికి మాత్రం రాలేను. రేపు ఇంగోటి పోతే నా మొకమే సూస్తాడు."

తిరిగి వచ్చేటప్పుడు డ్రైవరు భార్య మమ్మల్ని బస్సు దాకా సాగనంపుతూ, అత్త కొంచెం ముందుకు నడిచాక, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మా, సదువుకున్నోళ్లు మీరు. మీరు గూడా ఆయనే జేసినాడనుకున్నారా?"

"లేదు," అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, బస్సొస్తోందని చెయ్యి ఎత్తింది.